ఒనిడా రాక్షసుడి కటౌట్ ఆత్మకథ

టీవీల షాపుల్లో గుమ్మం పక్కన నిలబెట్టిన ఒనిడా రాక్షసుడి కటౌట్ సుమారు మూడడుగుల అట్టబొమ్మ. నున్నటి గుండు, గుండు మీద రెండు కొమ్ములు, ఒంటికి అతుక్కున్న ఆకుపచ్చ వేషం, పొడుగాటి గోళ్లు, వెనకనుంచి తొంగిచూసే తోక. వెనకవైపు బూడిదరంగు అట్ట, దానికి ఒక మడత కాలు. ఈ చరిత్ర చెబుతున్నది అలాంటి కటౌట్లలో ఒకటే. తెనాలిలో కొలువు చేసి, రేపల్లెలో తడిసి, బాపట్లలో వెలిసిపోయింది. ఇన్నాళ్లలో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు కనుక తనను తాను ‘ఈ బొమ్మ’ అనే చెప్పుకుంటుంది.

ఒనిడా అన్నది బొంబాయిలో 1981లో మొదలైన మిర్క్ ఎలక్ట్రానిక్స్ వారి టీవీల పేరు. మరుసటి ఏడాది ఢిల్లీ ఆసియా క్రీడలనాటికి దూరదర్శన్ రంగుల్లోకి మారింది. రంగుల టీవీలు అమ్మే కంపెనీలు ఒకదాని వెంట ఒకటి బజారుకొచ్చాయి. ఆ పోటీలో ఒనిడా ప్రకటనలు ఎవరూ తొక్కని దారి తొక్కాయి. అడ్వర్టైజింగ్ అవెన్యూస్ సంస్థలో గోపీ కుక్డే ఊహించిన ఆ ప్రకటనల్లో టీవీ గొప్ప చెప్పేవాడు దేవుడూ కాదు, సినిమా తారా కాదు, రాక్షసుడు. పొరుగువాడికి అసూయ, కొన్నవాడికి గర్వం అన్నది వాళ్ల నినాదం. ఆ అసూయకే కొమ్ములూ తోకా తొడిగి మనిషి రూపమిచ్చారు. ఈ బొమ్మ దానికి అట్టరూపం.

తయారీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఆఫ్‌సెట్ మీద అచ్చయిన కాగితాన్ని అట్టకు అతికించి, డై కింద పెట్టి అంచులు కోసి, నడుము దగ్గర మడిచి, టీవీ పెట్టెలతోపాటు లారీలో పంపించారు. డీలరుకు ఉచితం. పడిన కష్టాలన్నిటికీ మూలం ఆ ఉచితమేనని ఈ బొమ్మ నమ్మకం. డబ్బిచ్చి కొనని వస్తువుకు బిల్లు ఉండదు, స్టాకు పుస్తకంలో చోటు ఉండదు, కనబడకపోతే వెతికే మనిషీ ఉండడు.

తెలుగు ఊరి షాపుకు ఈ బొమ్మ కొత్తదే గానీ దాని వెనకున్న భయం పాతది. ఇక్కడ షాపు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు. కట్టుబడిలో ఉన్న ఇంటికి కోరలు, బుర్రమీసాలు, బయటికి చాచిన నాలుక ఉన్న రాక్షసుడి తలకాయ వేలాడదీస్తారు. చూసేవాడి కన్ను ముందు దానిమీద పడాలి, ఇంటిమీద పడకూడదు. ఒనిడా రాక్షసుడి పని దానికి సరిగ్గా ఎదురు. చూపును తనవైపు లాక్కుని టీవీ మీదికి మళ్లించాలి, పొరుగింటివాడి ఏడుపును ఆపకుండా రాజెయ్యాలి. తెనాలి షాపులో ఇద్దరిదీ ఒకే గుమ్మం. పైన ఉట్టిలో గుమ్మడికాయ, కింద ఈ బొమ్మ. అమావాస్యకు కొత్త గుమ్మడికాయ వచ్చేది, పసుపూ కుంకుమా అందేవి. బొమ్మకు మాత్రం దుమ్ము దులిపే గుడ్డ కూడా అందలేదు.

తెనాలి పిల్లలు ఈ బొమ్మను చూసి జడుసుకోలేదు. జడుసుకుంటే ఆశ్చర్యపోవాలి. ఆలూరి వెంకట సుబ్బారావు, అంటే చక్రపాణి, ఆ ఊరి ఐతానగరం మనిషి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో ఆయన మొదలుపెట్టిన ‘చందమామ’ పత్రికను తర్వాత దశాబ్దాలపాటు నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. చెట్టుమీది శవంలోంచి మాట్లాడే భేతాళుణ్ని నెలనెలా ఇంటికి రప్పించుకున్న ఊరికి కొమ్ముల అట్టబొమ్మ ఒక లెక్కా? అదే నాగిరెడ్డి, చక్రపాణి తీసిన ‘పాతాళ భైరవి’ 1951లో వచ్చింది. ఎస్.వి. రంగారావు అందులో నేపాళ మాంత్రికుడు, 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు. ఘటోత్కచుడి విందు పాటకు గొంతు అరువిచ్చిన మాధవపెద్ది సత్యం బాపట్ల దగ్గరి బ్రాహ్మణ కోడూరులో పుట్టాడు. రాక్షసుణ్ని చూసి నవ్వడం, నవ్వుతూనే ప్రేమించడం ఈ మూడు ఊళ్లకూ ఎప్పుడో అలవాటయింది.

ఆ సినిమాల ప్రచార సామగ్రే ఈ బొమ్మకు పూర్వీకులు. హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, జట్కా మీదనుంచి విసిరిన రంగు కరపత్రాలు, గోడలకు అంటించిన పోస్టర్లు, హాలు ముందు నిలబెట్టిన చెక్క కటౌట్లు. ఊరికే పంచినదాన్ని జనం ఊరికే పారేశారు. పాటల పుస్తకానికి కాస్తో కూస్తో వెల ఉంది కనుక కొన్ని ఇళ్లలో పెట్టె అడుగున మిగిలింది. కరపత్రంలో పకోడీలు కట్టారు. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ సినిమా భాండాగారం రీళ్లతోపాటు పోస్టర్లనూ పాటల పుస్తకాలనూ భద్రం చేస్తోంది. షాపు కటౌట్ల కోసం ఈ దేశంలో ఎవరైనా అలాంటి ఇల్లు కట్టినట్టు ఈ బొమ్మ వినలేదు.

అమెరికాలో ఈ అట్టబొమ్మల జాతి బతుకు వేరుగా సాగింది. అక్కడ అక్టోబరు 31న హాలోవీన్. గుమ్మడికాయకు కళ్లూ నోరూ చెక్కి గుమ్మంలో పెడతారు. ఆ నెలంతా షాపుల్లో దయ్యాలదే రాజ్యం. పెన్సిల్వేనియాలో 1900లో మొదలైన బీసిల్ కంపెనీ అచ్చేసిన నల్లపిల్లులు, అస్థిపంజరాలు, మంత్రగత్తెల అట్టబొమ్మలను ఇప్పుడు గాజు చట్రాల్లో పెట్టుకునేవాళ్లున్నారు. జనరల్ మిల్స్ వారు 1971లో రక్తపిశాచి కౌంట్ చాకులా పేరిట, ఫ్రాంకెన్ బెర్రీ పేరిట ఉదయం ఫలహారాలు అమ్మి, డబ్బాల్లో చిన్న చిన్న బహుమతులు పెట్టారు. 1980ల్లో కూర్స్ బీరు కంపెనీ, టీవీలో దయ్యాల సినిమాలు పరిచయం చేసే నల్లగౌను ఎల్విరా నిలువెత్తు కటౌట్లను షాపుల్లో నిలబెట్టింది. 1986లో మెక్‌డొనాల్డ్స్ గుమ్మడికాయ మొహాల ప్లాస్టిక్ బకెట్లలో పిల్లల భోజనం పెట్టి ఇచ్చింది. పండగ కాగానే వాటిలోనూ ఎక్కువభాగం చెత్తకే పోయాయి. కానీ షాపువాణ్ని అడిగి కటౌట్‌ను ఇంటికి మోసుకుపోయిన కుర్రాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్లే పెద్దయ్యాక సేకర్తలయ్యారు. తెనాలిలో ఈ బొమ్మను అడిగినవాడు లేడు.

కొలువు రోజుల్లో గొప్పగా చెప్పుకోదగినవి ఆదివారం ఉదయాలు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మొదలైంది. ఇంట్లో టీవీ లేనివాళ్లు షాపు ముందు చేరేవారు. షట్టరు సగమెత్తి, గుమ్మంలోకి రంగుల టీవీ జరిపి, పెద్ద సౌండు పెట్టేవారు. రిక్షావాళ్లు రిక్షాల మీదే కూర్చుని చూసేవారు. తెరమీద రాముడు రాగానే చేతులు జోడించినవాళ్లున్నారు, టీవీ ముందు అగరొత్తులు వెలిగించినవాళ్లున్నారు. అలాంటప్పుడు పక్కన కొమ్ములేసుకుని ఈ బొమ్మ నిలబడటం యజమానికి నచ్చలేదు. “ఒరేయ్ అబ్బాయ్, ఆ దయ్యాన్ని కాసేపు గోడకేసి తిప్పు” అన్నాడు. తిప్పారు. ఆ షాపులో రామాయణం ఆడినన్ని వారాలూ ఈ బొమ్మ వినడమే గానీ చూసింది లేదు. అయినా ఆ గంట గడిచాక జనం ఇళ్లకు పోకుండా టీవీ ధర అడిగినప్పుడు, వాయిదాలకిస్తారా అని అడిగినప్పుడు, మళ్లీ రోడ్డువైపు తిప్పింది ఈ బొమ్మనే. సంక్రాంతికి ధాన్యం డబ్బు చేతికొచ్చిన రైతు మొదట చూసింది ఈ బొమ్మ మొహమే. పక్కింటివాడు టీవీ కొన్నాడన్న మాట రైతు నోట విన్న ప్రతిసారీ తన పని తాను చేశానని ఈ బొమ్మ సంతోషించింది.

కొత్త డిజైను కటౌట్లు రాగానే పాతదాన్ని రేపల్లెలో ఒక చిన్న షాపుకు పంపేశారు. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో వేసిన బ్రాంచి లైను ఉంది. వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లి రేపల్లెలో ఆగిపోతుంది. కొత్త సరుకు ఆ లైను చివరికి చేరేసరికి మిగతాచోట్ల పాతబడి ఉంటుంది. ఈ బొమ్మా అలాగే చేరింది. ఆ షాపులో అమ్మకం తక్కువ, మరమ్మతు ఎక్కువ. మెకానిక్ బల్లమీద కాగితం దొరకనప్పుడల్లా బొమ్మను తిరగేసి వీపుమీద లెక్కలు రాశాడు. పిక్చర్ ట్యూబు ఇంత, బూస్టరు ఇంత, యాంటెన్నా పైపు ఇంత, ఎవరి బాకీ ఎంత. కొలువులో మొదటిసారి ఒక మనిషి రోజూ ముట్టుకున్నాడు కనుక ఈ బొమ్మకు అది కోపం తెప్పించలేదు.

1990 మే 9న తుపాను కృష్ణానది ముఖద్వారం దగ్గర తీరం దాటింది. 1977 నాటి దివిసీమ ఉప్పెన గుర్తున్న జనం షాపులు వదిలి పోయారు. పోయేముందు టీవీలను అటకెక్కించారు. బొమ్మను నేలమీదే వదిలేశారు. నీళ్లు మడత కాలు దాకా వచ్చాయి. కాగితాన్నీ అట్టనూ కలిపిన జిగురు నానింది, పాదాల దగ్గర పొరలు విడిపోయాయి, తోక మొదట్లో చిరిగింది. చిరుగును వెడల్పాటి సెల్లోటేపుతో అతికారు. ఆ టేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై అట్టలోకి ఇంకింది. వాన చేసిన నష్టం కంటే ఆ టేపు చేసినదే ఎక్కువ.

తర్వాత బాపట్ల. అక్కడ ఒక రిపేరు షాపు అద్దాల షోకేసులో, పడమటి ఎండకు ఎదురుగా నిలబెట్టారు. అచ్చులోని ఆకుపచ్చ నిజానికి నీలం మీద పసుపు. ఎండకు పసుపు ముందు పోతుంది, ఎరుపూ ఎక్కువకాలం నిలవదు. నీలం, నలుపు నిలబడతాయి. అందుకే మధ్యాహ్నం ఎండ కొట్టినమేర ఒళ్లు నీలమైంది, మొహంలో నెత్తురు పోయింది. షోకేసు చట్రం నీడ పడ్డచోట మాత్రం ఎడమ భుజం మీద నాలుగు వేళ్ల వెడల్పున అసలు ఆకుపచ్చ అలాగే ఉంది. సూర్యలంక సముద్రం దగ్గరే కనుక గాలిలో ఎప్పుడూ చెమ్మ. అట్ట ఉబ్బుతూ ఆరుతూ విల్లులా వంగింది. 1995లో శాంసంగ్, 1997లో ఎల్‌జీ మన దేశంలో అడుగుపెట్టాక షోకేసులో కొత్త స్టిక్కర్లు వచ్చాయి. బొమ్మ వెనక్కి, ఇంకా వెనక్కి, చివరికి పాడైపోయిన టీవీ డబ్బాల మధ్యకు జరిగింది. 2009లో కంపెనీయే తన ప్రకటనల్లోంచి రాక్షసుణ్ని తప్పించి ఒక జంటను తెచ్చుకుంది. ఆ కబురు ఈ బొమ్మకు చెప్పినవాళ్లెవరూ లేరు.

ఆ డబ్బాలతో కలిపి పాత సామాన్లవాడికి తూకానికి వేసే రోజున బాపట్ల షాపు మెకానిక్ ఇంటిపని మొదలైంది. దిష్టిబొమ్మ కొనాలనుకుంటుంటే ఇది కంటబడింది. మెడకు తాడు కట్టి రెండో అంతస్తు సెంట్రింగు కర్రకు వేలాడదీశారు. అసూయను రేపడానికి పుట్టిన బొమ్మ అక్కడ అసూయకు అడ్డుపడింది. గృహప్రవేశం దాకా వాన పడితే పాలిథిన్ కప్పారు, గాలికి పడితే ఎవరో ఒకరు మళ్లీ కట్టారు. ఒకరికి అవసరమైన వస్తువుగా బతికిన కాలం ఈ బొమ్మకు అదొక్కటే. గృహప్రవేశం మర్నాడే తాడు కోశారు. అక్కడినుంచి పాత సామాన్ల కొట్టు. అక్కడ పాత అడ్వర్టైజ్‌మెంట్ల కోసం వెతుకుతూ తిరిగే ఒకాయన కంటపడి, పాత పేపర్ల ధరకు అమ్ముడుపోయింది.

సేకర్తలు ఇలాంటి బొమ్మను మొదట భూతద్దం కింద చూస్తారు. ఆ కాలపు ఆఫ్‌సెట్ అచ్చులో నాలుగు రంగుల చుక్కలు వరుస తప్పకుండా గుండ్రటి గుత్తులుగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసిన నకలులో చుక్కలు చల్లినట్టు చెదిరి ఉంటాయి. అసలుదని తేలాక ఎండ తగలనిచోట, ఆమ్లం లేని కాగితాల మధ్య, బల్లపరుపుగా పడుకోబెడతారు. చెదలకూ వెండిచేప పురుగులకూ అందకుండా నేలకు ఎత్తులో ఉంచుతారు. లామినేషన్ చేయించరు, ఒకసారి అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు కనుక. చిరుగులకు టేపు వాడరు. పల్చటి జపాన్ కాగితాన్ని గోధుమపిండి జిగురుతో వెనకనుంచి అతికిస్తారు. అది తడిపితే ఊడొస్తుంది. ఏ ఊళ్లో, ఎలాంటి షాపులో దొరికిందో పెన్సిలుతో రాసి పెడతారు. పెన్ను ఇంకు పాకుతుంది.

ఈ బొమ్మ వీపుమీద దాన్ని కొన్నాయన కొత్తగా రాయవలసింది కొంచెమే. రేపల్లె మెకానిక్ బాల్‌పెన్ను లెక్కలు ఇంకా చదవొస్తున్నాయి. తుపాను నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో మడత కాలు మీద చారగా ఉంది. తెనాలి షాపువాళ్లు కౌంటరు పక్కన పెట్టమని రాసిన చీటీ ముక్క నడుము మడతలో అతుక్కుని ఉంది. ముందువైపు మరమ్మతు మొదలుపెట్టకముందే ఆయన ఆ వీపును అంగుళం అంగుళం ఫొటో తీయించాడు. సెల్లోటేపు తీసేటప్పుడు దానికింద ఉన్న రెండు బాకీ అంకెలు చెరిగిపోకుండా ఆ భాగాన్ని అలాగే వదిలేశాడు.