అవగాహన కలిగిందా?

సూరత్‌లో లింబాయత్ వైపు వెళితే మన తెలంగాణ నేతకారుల వాడలు తగులుతాయి. అక్కడ దేనికైనా కరువుండొచ్చు గానీ అవగాహనకు లేదు. ఎవరో ఒకరు టెంటు వేసి, ఫ్లెక్సీ కట్టి, సమోసా పెట్టి మరీ దాన్ని కలిగించి పోతుంటారు.

ఈసారి అంశం పొదుపు. మీటరుకు ఇన్ని పైసలని కూలి తీసుకునేవాడికి పైసా విలువ చెప్పడానికి కారులో వచ్చారు. "నెల జీతంలో పదోవంతు పక్కన పెట్టండి" అన్నారు. జీతమెక్కడిది తల్లీ? గుడ్డ దిగితే కూలి, సాంచా (మరమగ్గం) ఆగితే పస్తు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ఇదే ఊళ్లో వలస కూలీలు రోడ్డెక్కి అడిగింది పొదుపు చిట్కాలు కాదు, రావలసిన కూలి, సొంతూరికి దారి.

పోయినసారి నైపుణ్య శిక్షణట. మార్కండేయుడి సంతానానికి నేత నేర్పారు! (చేపకు ఈత తర్వాతి విడతలో ఉందేమో.)

రోజుకు 9 గంటలకు మించి పని చేయించొద్దని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. సాంచాల షిఫ్టు 12 గంటలు. ఈ అవగాహన సాంచాల యజమాని సేఠ్‌కు కలిగించొచ్చు కదా అంటే నిర్వాహకులు వాచీ చూసుకుంటారు. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం అంది. ఈ టెంట్లు ఆ పద్దులోవే. ఖర్చుకు ఫొటో కావాలి. సేఠ్‌తో తగవు పడితే ఫొటో బాగా రాదు.

ఇదే సూరత్‌లో 1994లో ప్లేగు వచ్చి లక్షలమంది ఊరొదిలి పారిపోయాక, మరుసటేడు మునిసిపల్ కమిషనర్‌గా మన ఎస్.ఆర్. రావు వచ్చారు. చేతులు కడుక్కోండని పేదలకు ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. ముందు అధికారులనే ఏసీ గదుల్లోంచి లాగి రోజూ వీధుల్లో తిప్పారు. ఏడాదిన్నరకల్లా దేశంలో రెండో శుభ్రమైన నగరమని పేరొచ్చింది. అవగాహన ఎవరికి కావాలో ఆయనకు అవగాహన ఉంది.

మన సదస్సు చివర వక్తగారు "అర్థమైందా?" అని అడిగారు. ముందు వరుసలో పెద్దాయన గట్టిగా తలూపాడు. నివేదికలో అవగాహన నూరు శాతమని రాసుకున్నారు. ముప్పై ఏళ్ల సాంచా మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. పెదాల కదలిక చూసి మాట పోల్చుకుంటాడు. వక్తగారేమో నోటికి అడ్డంగా మైకు పట్టుకున్నారు.