గుమ్మము దాటని యాత్రలు

తెలుగు గృహస్థుడు తన జీవితమున బయలుదేరు మొట్టమొదటి దూరప్రయాణము కాశీయాత్ర. స్నాతకమునాడు గొడుగు పట్టి, కర్ర చేతబూని, పాదుకలు తొడిగి, సంసారమన్న మాట వినుటకైనను ఇష్టము లేనివానివలె ముఖము పెట్టి, వీధిగుమ్మము వైపు నాలుగడుగులు వేయునంతలో, బావమరిది యెదురువచ్చి, గడ్డము క్రింద బెల్లపుముక్క యుంచి బతిమాలగా, ఆ విరాగి వెంటనే కాశిని వాయిదా వేసి పెండ్లిపీటలకు మరలివచ్చును. సాక్షాత్తు విశ్వనాథునే వాయిదా వేసినవాడు ఆ తరువాత దేనిని వేయడు? నాకు తెలిసిన పలువురి దేశాటన చరిత్ర ఆ గుమ్మమువద్ద ప్రారంభమై ఆ గుమ్మమువద్దనే పరిసమాప్తమైనది.

అట్లని మనవారికి నాలుగూళ్లు చూడవలెనను కోరిక లేదనుట అన్యాయము. కోరిక కలదు, దానికొక పట్టికయు కలదు. మా యింట ఆ పట్టిక బీమావారు దయచేసిన యొక డైరీ చివరి పుటలలో నున్నది. కేదారము, హంపి, లేపాక్షి, గండికోట, బొర్రా గుహలు, పాపికొండల లాంచి, రామేశ్వరము అని ఆసేతుహిమాచలము నా దస్తూరిలో కొలువుదీరియుండగా, కాగితము దొరకని వేళలలో మా యింటావిడ దస్తూరియు నడుమ ప్రవేశించినది. కేదారము క్రింద “కందిపప్పు రెండు కిలోలు, శుక్రవారం”; హంపి ప్రక్కన “గ్యాసు బండకు చెప్పాలి, రేపే”. కందిపప్పు మీద కొట్టివేత గీత యున్నది. గ్యాసు మీదను ఉన్నది. పుణ్యక్షేత్రములు మాత్రము వ్రాసినవి వ్రాసినట్లు నిర్మలముగా నున్నవి. ఒకనాడామె ఆ పుట తిరగవేసి, “ఏమండీ, ఈ ఊళ్లకు మనం వెళ్లాలా, అవే మనింటికి వస్తాయా?” అని యడిగినది. సమాధానము తోచక నేను పట్టికలో అజంతాను చేర్చితిని.

కారణములు వెదకుటలో మనకు గల ప్రజ్ఞ సామాన్యము కాదు. పంచాంగము తెరచినచో సోమ శనివారములు తూర్పునకు వారశూల; మంగళ బుధవారములు ఉత్తరమునకు; గురువారము దక్షిణమునకు; శుక్ర ఆదివారములు పడమరకు. ఉత్తరమునకు పోవలసినవాడు గురువారము కదలవచ్చును గదా యందురేమో. ఆనాటి రాహుకాలము ఒంటిగంటన్నరకు ప్రారంభమగును, రైలు సరిగా రెండింటికి. పంచాంగమును ఒప్పించితిమా, శ్రావణమున వానలు, మాఘమున పెండ్లిండ్లు, వేసవిలో ఎండలు, పిల్లల పరీక్షలు. పిల్లల పరీక్షలు ముగిసిన పిమ్మట, వారి పిల్లల పరీక్షలు. కేంద్రప్రభుత్వము వారు తమ యుద్యోగుల కిచ్చు ప్రయాణపు రాయితీకి నాలుగేండ్ల గడువు పెట్టి, అదియు చాలదని మరియొక యేడు మినహాయింపు నిచ్చుట చూచినచో, ఆ నిబంధన వ్రాసిన మహనీయుడును పెండ్లినాడు బెల్లము రుచి చూచినవాడేయని తోచును.

వీనియన్నిటిలోను ఘనమైన వాయిదా పుష్కరము. గోదావరిని చూడవలెనని 2004లో బుద్ధి పుట్టినవాడు, పోయినేడే పుష్కరాలైపోయినవి, మరల వచ్చు పుష్కరాలకు పోదమనుకొనెనా, 2015 దాక నిశ్చింత. ఆ యేడు జనసమ్మర్దమునకు వెరచి మానుకొనెనా, 2027 దాక నిశ్చింత. బృహస్పతి మాత్రము పండ్రెండేండ్లకొకమారు తప్పక సింహరాశికి వచ్చిపోవుచునే యున్నాడు. దేవతలందరికిని గురువైనవానికి ఇంట పనులుండవా?

మదరాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి మన కారణములన్నియు నుండెను. మనకు లేనివి మరికొన్నియు నుండెను. మన దేశమున జనుల నెక్కించుకొని మొదటి రైలు నడచినది 1853లో. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటేయని లోకము తీర్మానించుకొన్న కాలము. అట్టి కాలమున ఆయన సెలవు పుచ్చుకొని, మనవారు నెత్తిన తడిగుడ్డ వేసుకొని ప్రయాణములను దూషించు నడివేసవిలో, 1830 మే 18వ తేదీన, సుమారు నూరుమంది పరివారముతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల మదరాసు చేరెను. దారిపొడవున వ్రాసిన దినచర్య 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడినది. ఆయన బయలుదేరిన తేదీకి వారమేదని నేను లెక్కవేసి చూచితిని. మంగళవారము. మంగళవారము ఉత్తరమునకు వారశూల. కాశి, నేను విన్నంతవరకు, ఉత్తరముననే యున్నది.

ఊళ్లెక్కడికి పోవునను ధీమాయొకటి మనకు కలదు. శ్రీకాళహస్తి రాజగోపురమును కృష్ణదేవరాయలు 1516లో కట్టించెను. మా పెద్దబావగారు తిరుపతికి పోయినప్పుడెల్ల, కాళహస్తి మాట యెత్తినవారితో, “అయిదువందలేళ్లు నిలిచింది, నా కోసం ఇంకో యేడు నిలవదుటయ్యా?” అనుచుండెడివారు. 2010 మే 26వ తేదీ రాత్రి అది కుప్పగా కూలినది. వార్త విని బావగారు వ్రేళ్లు మడచి, అయిదువందలకు ఇంకను ఆరేండ్లు తక్కువని, మాట తప్పినది గోపురమే గాని తాము కారని తేల్చిరి. అచ్చట నిప్పుడు క్రొత్త గోపురము లేచినది. “కొత్తదే కదా, తొందరేముంది?” అని వారి తాజా అభిప్రాయము. నాగార్జునకొండ లోయ సాగరజలములలో మునిగి చాలకాలమైనది. కొండకొన మీద మిగిలిన ద్వీపమునకు లాంచిలో పోయి, పైకి తరలించిన శిథిలములతో తృప్తిపడవలెను. రాజమహేంద్రవరము హేవలాకు వంతెన మీద 1997 తరువాత రైళ్లే నడువవు.

కావున పట్టికను పుణ్యమును బట్టి గాక, ఆగునవి, ఆగనివి అని విభజింపవలెనని మా యింటావిడ సిద్ధాంతము. కేదారము ఆగును, గౌరీకుండము నుండి ఎక్కవలసిన మోకాళ్లు ఆగవు. ఈ సూత్రము ననుసరించి ఆమె నా అజంతాకు పైన సంగమేశ్వరమును వ్రాసి, కందిపప్పునకు వలెనే ప్రక్కన వారము పేరు వేసి, నన్నడుగకయే నందికొట్కూరు బస్సు వేళలు విచారించినది. నేను పంచాంగము వైపు చేయి చాచితిని. అది అటక మీద నున్నదట.

నంద్యాల జిల్లాలోని ఆ గుడి శ్రీశైలము జలాశయము నిండగనే నీట మునిగి, నీరు తగ్గిన వేసవి నెలలలో మాత్రము బయటపడును; అందలి లింగము వేపదారువుతో చేసినది. పాఠకులలో చూడదలచినవారెవరైన నున్నచో కృష్ణకు వరద రాకముందే బయలుదేరుదురు గాక. వచ్చిన తరువాత ఏ వారమున పోయినను దర్శనము లేదు.