పాఠ్యపథకం మాస్టారు

మా పెడన బడిలో ఈ ఏడాదే చేరిన సైన్సు మాస్టారు బందరులో బీఈడీ కూడా చదువుతున్నాడు. రెండూ ఎలా కుదురుతాయని అడక్కండి. కాలేజీలో ఆయన హాజరుంటుంది, బళ్ళో ఆయనుంటాడు. అప్పుడప్పుడూ రికార్డులు సంచీలో కుక్కుకుని రైలెక్కుతాడు, కూతురింటికి సారె మోసినట్టు.

మా రోజుల్లో బీఈడీ ఏడాదే. 2015 నుంచి రెండేళ్ళు చేశారు. పంతుళ్ళ తెలివి రెట్టింపయిందో లేదో గానీ, చార్టులూ స్కెచ్ పెన్నులూ అమ్మే కొట్టాయన మాత్రం బాగుపడ్డాడు.

పాఠం మొదలెట్టే ముందు పిల్లల చేతే పాఠం పేరు చెప్పించాలట. దాన్ని ఉన్ముఖీకరణ అంటారు. ఆ జబ్బు ఆయనకి మాటల్లోకీ పాకింది. ఓ రోజు స్టాఫ్ రూములో నా పక్కన చేరాడు.

“పొద్దున్న లేవగానే ఏం తాగుతారు మాస్టారూ?”

“టీ.”

“టీకి ఏం కావాలి?”

“పాలు.”

“పాలు కొనాలంటే?”

“డబ్బులు.”

“వెరీగుడ్. ఈరోజు మనం చేబదులు గురించి తెలుసుకుందాం.”

రెండొందలిచ్చాను. మొదటి ఏడాది జీతం సంగతి నాకూ తెలుసు.

పిల్లల మనస్తత్వం పుస్తకం అంటూ ఓసారి నా చేతిలో పెట్టాడు. తెరిస్తే పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. పిల్లాడు ఎక్కడా అని చాలాసేపు వెతికాను. పియాజే దగ్గర దొరికాడు, వాడూ నాలుగు దశలుగా.

సూక్ష్మబోధన ఇంకో ముచ్చట. ఆరు నిమిషాలు చెప్పడం, ఆరు నిమిషాలు తప్పులెన్నడం, పన్నెండు నిమిషాలు దిద్దుకోవడం, మళ్ళీ ఆరు, మళ్ళీ ఆరు. మొత్తం 36 నిమిషాల తంతు. అక్కడ తోటి విద్యార్థులే పిల్లల వేషం కట్టి బుద్ధిగా కూర్చుంటారు. ఇక్కడ నలభై ఇద్దరున్నారు, ఒక్కడికీ వేషం కట్టడం రాదు.

అసలు కథ తుప్పు పాఠం నాడు జరిగింది. పాఠ్యపథకంలో ఓ పక్క మాస్టారి ప్రశ్న, ఎదురుగా పిల్లాడి జవాబు ముందే రాసి ఉంటాయి. “ఇనుప మేకు తడిస్తే ఏమవుతుంది?” అన్నదానికి “తుప్పు పడుతుంది” అని రాసుకున్నాడు. అద్దకం వాళ్ళ పిల్లాడొకడు లేచాడు.

“తుప్పు మేకులూ బెల్లమూ నీళ్ళలో వేసి పులియబెడితే నల్లరంగుకి పనికొస్తాయి సార్. కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ మీద ఆ నీళ్ళతో అచ్చేస్తే నల్లగా తిరుగుద్ది.”

మాస్టారు కాగితం వంక చూశాడు. అందులో కరక్కాయ లేదు.

“గుడ్. కానీ తుప్పు పడుతుంది అనాలి.”

“అది ఎవరికైనా తెలుసు కద సార్” అని కూర్చున్నాడు వాడు.

రాత్రంతా నిద్రపట్టలేదట. మర్నాడు ఆ పిల్లాణ్ణే బతిమాలి, బోధనోపకరణం కింద ఓ చెంబుడు తుప్పునీళ్ళు తెప్పించాడు. పెడన కలంకారీ పేరుకే కలం, పనంతా టేకు అచ్చులదే. ఆ అచ్చు కూడా ఒకటి తెచ్చాడు వాడు. మాస్టారు ఉత్సాహంగా చెంబు పైకెత్తి చూపిస్తుండగా కాస్త చొక్కా మీదికి తొణికింది. ఇంటర్వెల్లో జేబు కింద టీ ఒలికించుకున్న సంగతి ఆయన మరిచిపోయాడు. టీ మరక మీద తుప్పునీళ్ళు పడేసరికి నలభై ఇద్దరూ చూస్తుండగా జేబు కింద నల్లటి మచ్చ తేలింది.

“కరక్కాయలో ఉండే వగరే టీలోనూ ఉంటుంది సార్, అందుకే!” అని అరిచాడు వాడు.

నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సుద్దముక్క పిల్లాడి చేతికిచ్చి, వాడి బెంచీలో కూర్చున్నాడు. ఏడాది మొత్తంలో ఆయన చెప్పిన మంచి పాఠం అదేనని నా అభిప్రాయం. రికార్డులో మాత్రం “తుప్పు పడుతుంది” అనే రాసి సంతకం పెట్టించుకొచ్చాడు.

చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా మచ్చ పోలేదు. చివరికి పిల్లాడి తండ్రే దాని మీద వరసగా మామిడిపిందె అచ్చులు వేసి ఇచ్చాడు. నిన్న సెమిస్టర్ పరీక్షకి ఆ చొక్కాతోనే బందరు వెళ్ళాడు. నా రెండొందలు ఇంకా ఇవ్వలేదు.