రెండు కాపీలు

టోలిచౌకి మెయిన్‌రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, మందుల షాపు పైన రెండో అంతస్తులో ఉంది ఆ కుట్టు యూనిట్. బోర్డు లేదు. అయినా ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమ్స్ చూసుకునేవాళ్ళందరికీ అడ్రసు తెలుసు. పొద్దున వాట్సాప్‌లో కొలతలొస్తే, రాత్రికల్లా కోటు బైకెక్కి షేక్‌పేట మీదుగా జూబ్లీహిల్స్ చేరిపోతుంది. ఫైటు సీనుంటే ఒక కోటు చాలదు. అదే గుడ్డతో అదే కొలతతో నాలుగైదు కుట్టాలి. ఒకటి నలగకుండా ఉండాలి, ఒకటి భుజం దగ్గర చిరగాలి, ఒకటి బురదలో దొర్లాలి, ఒకటి కాలాలి. చిరగాల్సిన చోట పిగిలేలా, చిరగకూడని చోట నిలబడేలా కుట్టడం కటింగ్ మాస్టర్‌కు వెన్నతో పెట్టిన విద్య. ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ మాస్టరే, ఓనరుకీ మాస్టరే.

మొత్తం 14 మంది. కుట్టేవాళ్ళు, మగ్గం వర్క్ చేసే ఆడవాళ్ళు, ఇస్త్రీ కుర్రాడు. ఎవరికీ యూనియన్ కార్డు లేదు. 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ కూలి 30 శాతం పెంచమని షూటింగులు ఆపినప్పుడు ఇక్కడి మిషన్లూ ఆగాయి. చివరికి 22.5 శాతానికి రాజీ కుదిరింది. కార్డున్నవాళ్ళకి కూలి పెరిగింది, వీళ్ళకి ఆ ఖాళీ రోజుల జీతం తెగింది.

కార్డు లేకపోతే పోయె, కనీసం కంపెనీ కాగితమైనా ఉండాలి కదా! అదీ లేదు. బ్యాంకు లోనుకనో, పిల్ల స్కూలుకనో ఎవరైనా వెళ్ళి అడిగితే ఓనరు నొచ్చుకునేవాడు.

"లెటరేంటమ్మా? మనది కంపెనీయా? ఫ్యామిలీ! ఇంట్లో అన్నం తినడానికి ఎవరైనా లెటర్ అడుగుతారా?"

ఆ ఫ్యామిలీలో పది నిమిషాలు ఆలస్యమైతే అరపూట జీతం కోత. అందుకని గుమ్మం పక్కనే వేలిముద్ర మిషను పెట్టాడు. మాస్టర్‌కి దానితో రోజూ గొడవే. ఏళ్ళ తరబడి ఇస్త్రీపెట్టె వేడికి, కత్తెర రాపిడికి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. వేలు పెడితే 'ట్రై అగైన్' అంటుంది. ఆయన వేలిని నుదుటికి రుద్ది, ఆ జిడ్డుతో మళ్ళీ పెట్టేవాడు. మూడోసారికో నాలుగోసారికో 'థాంక్యూ' అనేది. ఈలోగా గడియారం తొమ్మిది దాటేది, కోత పడేది.

నవంబరులో ఓనరు మేనల్లుడు వచ్చాడు. కొత్తగా నల్లకోటు వేసుకున్న కుర్రాడు, చదివింది ఇంకా వేడివేడిగా ఉంది.

"మామయ్యా, నాలుగు లేబర్ కోడ్‌లూ 21వ తేదీ నుంచి అమల్లోకొచ్చేశాయి. పాత చట్టాలు 29 పోయి ఇవే మిగిలాయి. ఇకమీదట పనిలో ఉన్న ప్రతివాళ్ళకీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే. డబ్బింగ్ ఆర్టిస్టులు, ఫైటర్లు కూడా లెక్కలోకొచ్చారు. మనిషి మానేస్తే రెండు పనిదినాల్లో జీతం చేతిలో పెట్టాలి. నలభై దాటినవాళ్ళకి ఏటా ఉచితంగా హెల్త్ చెకప్..."

"రూల్స్ అవీ పూర్తిగా రానీరా, చూద్దాం. ఇంకేదో కూడా ఉందన్నావు?"

"అది డేటా చట్టం. 2023లోనే పాసయింది, రూల్స్ మాత్రం ఈ కోడ్‌లకి వారం ముందు వచ్చాయి. మనుషుల వివరాలు దగ్గర పెట్టుకుని భద్రంగా చూసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెయ్యొచ్చు. దానికింకా టైముందిలే. కంపెనీలకి పద్దెనిమిది నెలలిచ్చారు, 2027 మే దాకా."

ఓనరు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ మిషన్లో ఏమేం ఉన్నాయిరా?"

"వేలిముద్రలు, హాజరు. కంప్యూటర్లో జాయినయిన తేదీలు, జీతాలు."

"మొత్తం తీసేస్తే?"

"తీసేస్తే... వీళ్ళిక్కడ పనిచేసినట్టే..." అని కుర్రాడు ఆగిపోయాడు.

"పెట్టుకుంటేనే కదరా జరిమానా," అన్నాడు ఓనరు శాంతంగా. "మంచిపని వాయిదా వెయ్యకూడదు. ఈ శుక్రవారానికల్లా కానిచ్చెయ్."

ఆ పూటే అమల్లో ఉన్న చట్టానికి 'చూద్దాం'. పద్దెనిమిది నెలల గడువున్న చట్టానికి శుక్రవారం. చట్టమంటే గిట్టనివాడని ఆయన్ని ఇక ఎలా అంటాం!

నిజానికి ఉద్యోగ అవసరాల కోసమైతే యజమాని ఆ వివరాలు వాడుకోవడానికి అనుమతి కూడా అడగక్కర్లేదని డేటా చట్టం 7వ సెక్షన్లోనే ఉంది. హాజరు, జీతాల రిజిస్టర్లు ఉంచితీరాలని కార్మిక చట్టాలూ చెబుతున్నాయి. మేనల్లుడు ఆ మాట ఎత్తబోయాడు. మామయ్య చెవిలో 250 కోట్లు మోగుతుంటే మిగతావి ఎక్కడ వినిపిస్తాయి?

"గట్టిగా ఉండాలి. రేపెవడూ 'నాకు తెలీకుండా తీసేశారు' అనకూడదు. సంతకాలు తీసుకో."

"అలాగైతే ఏమేం వివరాలున్నాయో ఒక్కొక్కటీ విడివిడిగా రాయాలి మామయ్యా. నోటీసు అలాగే ఉండాలని రూల్స్‌లో ఉంది. ఇంగ్లీషులోనైనా, ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లో దేంట్లోనైనా ఇవ్వొచ్చు."

"తెలుగులోనే రాయి. అర్థంకాక పెట్టామని సాకు చెప్పకుండా. తేదీలూ అంకెలూ తప్పుపోకూడదు."

"రెండు కాపీలు తియ్యాలి. ఒకటి వాళ్ళకి."

"తియ్యి. జిరాక్సుకెంతవుద్ది!"

శుక్రవారం జుమ్మా నమాజు నుంచి మాస్టర్ తిరిగొచ్చేసరికి అందరినీ కటింగ్ టేబుల్ చుట్టూ నిలబెట్టారు. ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"ప్రైవసీ అనేది మన ప్రాథమిక హక్కని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ వేలిముద్ర నా దగ్గరెందుకుండాలి? మీ జీతమెంతో నా కంప్యూటర్లో ఎందుకుండాలి? ఎవరి డేటా వాళ్ళ దగ్గరే ఉండాలి. అందుకే అన్నీ తీసేస్తున్నా. నమ్మకం లేకపోతే చదువుకుని సంతకం పెట్టండి."

మాస్టర్ చదువుకున్నది ఉర్దూ మీడియం. మగ్గం దగ్గరి అమ్మాయి ఆయన కాగితం అందుకుని చదివింది: "ఈ సంస్థలో 10-06-2013 నుంచి కటింగ్ మాస్టర్‌గా పనిచేస్తూ, ప్రస్తుతం నెలకు రూ. 26,000 జీతం పొందుతున్న నేను, సంస్థ వద్ద గల నా ఈ క్రింది వివరములు తొలగించుటకు సమ్మతిస్తున్నాను..."

"మొదటి లైను మళ్ళొకసారి చదువు బిడ్డా."

ఆమె చదివింది. మాస్టర్ కళ్ళద్దాలు సర్దుకుని ఆ లైను కింద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు. సంతకం చేశాడు. ఓనరు సంతకం చేసి, రెండు కాపీల మీదా గుండ్రటి సీలు గుద్దాడు.

"సార్, నా కాపీ మీద సీలు సగమే పడ్డది. ఇంకొకసారి గట్టిగ కొట్టుండ్రి."

కొట్టాడు. సాయంత్రానికి కంప్యూటర్ ఖాళీ, మిషను గోడ మీంచి దిగిపోయింది. పధ్నాలుగు మంది చేతుల్లో పధ్నాలుగు కాగితాలు.

సంక్రాంతి సినిమాల పని తెగేసరికి మాస్టర్‌కి సూదిలో దారం ఎక్కడం మానేసింది. జనవరి నెలాఖరున పని మానేస్తానన్నాడు. ఓనరు ఐదువేలూ, ఒక స్వీట్ల డబ్బా ఇచ్చి భుజం తట్టాడు. మాస్టర్ తలవంచుకునే అడిగాడు, గ్రాట్యుటీ సంగతి.

"అది ఉద్యోగులకిస్తారు మాస్టర్. మీరు మా రికార్డుల్లోనే లేరే! కావాలంటే వెతికించుకోండి."

వెతికితే నిజంగానే దొరకదు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్ల ముందు హీరో కటౌటు నిలబడి ఉంది. ఒంటి మీద భుజం దగ్గర చిరిగిన కోటు. మాస్టర్ దాన్ని ఒక్క క్షణం చూసి, కుట్టు సరిగానే నిలిచిందనుకుని, లేబర్ ఆఫీసుండే అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ మెట్లెక్కాడు.

కొన్నాళ్ళకి టోలిచౌకికి నోటీసు చేరింది. 12 ఏళ్ళ ఏడు నెలల సర్వీసు. ఆరు నెలలు దాటితే నిండు ఏడాది కింద లెక్క కాబట్టి 13 ఏళ్ళు. ఏడాదికి పదిహేను రోజుల జీతం, అంటే 15,000 చొప్పున 1,95,000 రూపాయలు. సాక్ష్యంగా ఒకే ఒక్క కాగితం జతచేశారు.

మేనల్లుడు దాన్ని ఇటుతిప్పి అటుతిప్పి చూశాడు. తేదీ, హోదా, జీతం, ఓనరు సంతకం. సీలు రెండుసార్లు.

"మామయ్యా... అపాయింట్‌మెంట్ లెటరే ఇచ్చుంటే ఇంత వివరంగా ఉండేది కాదు."

"ఇంకా ఎంతమంది దగ్గరున్నాయిరా ఇవి?"

"పదమూడు."

ఓనరు ఫోనందుకున్నాడు. గొంతులో తేనె పోశాడు. "మాస్టర్! బాగున్నారా? మనం మనం ఒక ఫ్యామిలీ, మధ్యలో ఈ ఆఫీసులెందుకు? ఆ కాగితం పట్టుకొచ్చి నా చేతికివ్వండి, కూర్చుని మాట్లాడుకుందాం."

అవతలివైపు కాసేపు కుట్టుమిషను చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది.

"అదెట్లిస్త సార్? ఎవరి డేటా వాళ్ళ దగ్గరనే ఉండాలని మీరే చెప్తిరి గద. అండ్ల ఉన్నదంత నా డేటానే."