పట్నంలో యాడ దిగాలె? ఒక అనుభవశాలి ఉచిత సలహాలు

గద్వాల బస్టాండులో నన్ను ఎరగని కండక్టరు లేడు. ముప్పై ఏళ్లుగా పట్నం పోయొస్తున్నాను. ఇంతవరకు ఒక్క రాత్రి కూడా నిద్ర కోసం డబ్బు పెట్టలేదు. నిద్ర కూడా పట్టలేదనుకోండి, అది వేరే సంగతి. పరీక్షకో, ఇంటర్వ్యూకో, ఆస్పత్రికో ఒంటరిగా హైదరాబాదు బయల్దేరే మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లలు ఈ మధ్య ఫోనులో ముందే రూము చూసుకొని పోతున్నారని విన్నాను. కడుపు తరుక్కుపోయి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఎక్కడ దిగాలన్నది ఇంటి దగ్గర ఆలోచించకండి. బస్సులో నాలుగైదు గంటలు చేసే పనేముంది? బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేలోగా పట్నంలో ఉన్న చుట్టాలు ఒక్కొక్కరే గుర్తొస్తారు. కొత్తకోట వచ్చేసరికి వాళ్లతో ఉన్న పాత తగాదాలు గుర్తొస్తాయి. జడ్చర్లలో టీ తాగాక తగాదాలు చిన్నవిగా కనిపిస్తాయి. ఆరాంఘర్‌లో తేలేది ఒక్కటే, వాళ్ల ఇల్లు ఏ గల్లీలో ఉందో మీకు తెలియదని.

బయల్దేరడం సాయంత్రం బస్సుకే. పొద్దున చేరితే ఎన్ని తిప్పలు! గది చూడాలి, నల్లా తిప్పి చూడాలి, తలుపు గడియ పడుతుందా చూడాలి, నచ్చకపోతే పక్క లాడ్జి చూడాలి. రాత్రి పదకొండుకు ఎంజీబీఎస్‌లో దిగినవాడికి ఇవేవీ ఉండవు. దొరికిందే నచ్చుతుంది. 1994లో మూసీ నడుమ కట్టిన ఆ బస్టాండును మేం ఇప్పటికీ ఇమ్లీబన్ అనే అంటాం. పక్కనే మెట్రో స్టేషనుంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ పోయే లైను, జేబీఎస్ నుంచి వచ్చే లైను అక్కడే కలుస్తాయి. దాని జోలికి పోకండి. మెట్రో ఎక్కాలంటే ఎక్కడికి పోవాలో ముందే తెలిసి ఉండాలి. ఆటో అట్లా కాదు, ఎక్కడికి పోవాలో డ్రైవరుకే తెలుసు. "అన్నా, మంచి లాడ్జికి తీస్కపో" అంటే చాలు. చార్జీ తక్కువే అడుగుతాడు. మిగతాది లాడ్జివాడు ఇస్తాడు, లాడ్జివాడికి మీరిస్తారు. అందరూ బతకాలి కదా.

లాడ్జిలో దిగడం తప్పకపోతే (ఇట్లా రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు) కౌంటరు దగ్గర మర్యాదగా ఉండండి. చెకౌట్ ఇరవై నాలుగు గంటలా, మధ్యాహ్నం పన్నెండా అని అడిగితే ఎదుటివాడిని అనుమానించినట్టు ఉంటుంది. రాత్రి పదకొండుకు దిగి మరునాడు పన్నెండున్నరకు ఖాళీ చేస్తే రెండు రోజుల కిరాయి తీసుకున్నాడని మా ఊరి కుర్రాడొకడు లబోదిబోమన్నాడు. నేనైతే ఒకే రాత్రిలో రెండు రోజులు ఉన్నావంటే అదృష్టవంతుడివే అన్నాను. ఇక ఆధార్. మొదటి ఎనిమిది అంకెలు మూసేసి చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంది, వెబ్‌సైటు నుంచి ఉచితంగానే తీసుకోవచ్చు. మనకెందుకు? దాచుకోవడానికి మనం దొంగలమా? అసలు కార్డే ఇచ్చేసి, పొద్దున తీసుకోవడం మర్చిపోయి గద్వాలకు వచ్చేయండి. మళ్లీ పట్నం పోవడానికి ఒక పని దొరుకుతుంది.

పేరును నమ్మండి. ఈ విషయంలో మన జిల్లాలవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వనపర్తి రోడ్ అని రైల్వే స్టేషనుంది కదా, అది వనపర్తిలో లేదు, మదనాపురంలో ఉంది. పేరు చూసి దిగిన కొత్తవాళ్లు వనపర్తి ఏదీ అని చుట్టూ చూస్తుంటే వాళ్లను బస్సెక్కించి పంపిన జాతి మనది. అందుకే 'మెట్రోకు ఆనుకొని', 'హైటెక్ సిటీకి రెండడుగులు' అని రాసి ఉంటే మ్యాపు తీసి కొలవకండి. రోడ్ అన్న మాట పేరులో ఉందంటే రోడ్డు ఉన్నట్టే కదా, ఆ రోడ్డు మీద మీరు ఎంత దూరం నడవాలన్నది మీ కాళ్లకూ ఆ యజమానికీ మధ్య విషయం.

ఇక అసలు మార్గానికి వద్దాం. చుట్టాలిల్లు. ముందుగా ఫోన్ చేయకపోవడం దీనికి ప్రాణం. ఫోన్ చేస్తే వాళ్లకు కుదరదని చెప్పే అవకాశం ఇచ్చినట్టు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎవరూ పొమ్మనరు. చేతిలో ఒక సంచి ఉండాలి. వనపర్తివాళ్లకు బుడ్డలు, కొల్లాపూర్ వైపువాళ్లకు ఎండకాలమైతే మామిడిపండ్లు. గద్వాలవాళ్లకు కొంచెం కష్టం, మన దగ్గర పేరున్నది చీర. బుడ్డల సంచికి బదులు గద్వాల చీర పెడితే ఆ డబ్బుతో నెలరోజులు హోటల్లో ఉండొచ్చు. కాబట్టి గద్వాలవాళ్లు కూడా బుడ్డలే పట్టుకుపోవాలి.

దీనికి చరిత్ర ఆధారం కూడా చూపిస్తాను. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టిన వెంకటరామారెడ్డి నిజాం కాలంలో హైదరాబాదుకు కొత్వాలు అయ్యారు. పల్లెల నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లలకు పట్నంలో తలదాచుకునే చోటు లేదని చూసి 1918లో రెడ్డి హాస్టల్ నెలకొల్పారు. మన ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఏళ్ల తరబడి ఆ హాస్టల్ బాగోగులు చూశారు. పిల్లలకు భోజనంతో పాటు పుస్తకాలూ ఉండాలని అక్కడ గ్రంథాలయం పెంచారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. దిగే చోటు దొరికితే పల్లె పిల్లవాడు ఎంత దూరం పోతాడో వాళ్లకు తెలుసు. నేను మాత్రం ఇందులోంచి తీసుకున్న నీతి వేరు. నగరాన్ని కాసే కొత్వాలే మనవాళ్ల మంచాల సంగతి పట్టించుకుంటే, ఉప్పల్‌లో డబుల్ బెడ్రూం ఫ్లాటున్న మా చిన్నాయన కొడుక్కు నాకొక చాప పరచడం బరువా? ఆ ఇంట్లో ఇప్పటికే ఆరుగురున్నారని మా ఆవిడ అంటుంది. సురవరం వారి హాస్టల్లో ఇంకా ఎక్కువమంది ఉండేవారు.

చుట్టం ఇంటికీ మీ పనికీ మధ్య దూరం లెక్కపెట్టకండి. అంతా హైదరాబాదే. మా మేనల్లుడికి పరీక్ష కొండాపూర్‌లో, నేను దింపింది వనస్థలిపురంలో మా పెద్దత్త ఇంట్లో. ఊరికి ఇది ఈ చివర, అది ఆ చివర. వాడు సెంటరు పక్కన ఎనిమిది వందలకు గది ఉంది మామా అన్నాడు. ఎనిమిది వందలు! నేను ఒప్పుకోలేదు. పరీక్ష రోజు పెద్దత్త ప్రేమగా ఉప్మా తినిపించే పంపింది, అది తినేసరికి ఒక బస్సు పోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో అరగంట. అమీర్‌పేటలో మెట్రో మారాలని ఎవరో చెప్పేదాకా మియాపూర్ వైపు పోతూనే ఉన్నాడు. అక్కడి నుంచి ఆటోకు మూడు వందల యాభై, ఇంకో ఆటోకు రెండు వందలు. గేటు మూసిన రెండు నిమిషాలకు చేరాడు. గద్వాల నుంచి పట్నం దాకా దర్జాగా వచ్చినవాడు పట్నంలో ఓడిపోయాడు. నేను ధైర్యం చెప్పాను, నోటిఫికేషన్ మళ్లీ వస్తుందిలేరా అని. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, ఆ తర్వాత తెలంగాణలో 2022లోనే వచ్చేసింది. పదకొండేళ్లెంత, కళ్లు మూసి తెరిస్తే అయిపోతాయి. ఎనిమిది వందలు మాత్రం మిగిలింది. ఆటోలకు పోయిన ఐదు వందల యాభై వేరే పద్దు, దాన్ని దీంట్లో కలపొద్దని వాడికి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు.

నెలల తరబడి ఉండేవాళ్లు హాస్టల్ చూసుకుంటారు. కోర్సులవాళ్లు అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ, గ్రూపులవాళ్లు అశోక్‌నగర్‌లో. గోడ మీద అంటించిన కాగితంలో కిరాయి ఒక్కటే చూడండి. బాత్రూము ఎంతమందికి ఒకటి, ఎండకాలంలో బోరు ఎండిపోతే ఏం చేస్తారు, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారు, నెల ముందు చెప్పాలా, ఈ ప్రశ్నలన్నీ చేరిన తర్వాత అడగడానికి దాచుకోండి. అప్పటికి జవాబులు మీకే తెలిసి ఉంటాయి. అప్పటికే అక్కడుంటున్న పిల్లలను పక్కకు పిలిచి అడగడం మరీ తప్పు, వాళ్లు నిజం చెప్పేస్తారు. మంచాల్లో నల్లులున్నాయని ఒకడు ఏడ్చాడు. త్రీ షేరింగ్ అన్నారు కదా, షేరింగ్ అంటే మనుషులతోనేనని ఎక్కడ రాశారు?

సౌకర్యాలు అడిగే పిల్లలకు నేను చెప్పే మాట ఒక్కటే. ప్రాజెక్టులు కట్టే చోటల్లా పాలమూరు కూలీలు మేస్త్రీ వెంట పోయి గుడిసెలు వేసుకొని బతికారు. మా ఇంట్లోనూ ముసలివాళ్లు అట్లా తిరిగినవాళ్లే. వాళ్లు ఏనాడైనా వేడినీళ్లడిగారా? ఈ మాట మా తాత ముందు అంటే ఆయన నావైపు చాలాసేపు చూశాడు. తర్వాత, "మా కత అట్ల గావొద్దనే గదరా మిమ్మల్ని సదివిచ్చింది" అన్నాడు. ముసలాయనకు చెవుడు, నా ప్రశ్న సరిగా వినిపించి ఉండదు.

ఆడపిల్లల సంగతి. ఒంటరిగా పంపొద్దు, తోడు పంపాలి. నాగర్‌కర్నూలులో మావాళ్లు ఇరవై నాలుగేళ్ల బిడ్డను ఇంటర్వ్యూకు పంపుతూ రక్షణగా ఆరో తరగతి చదివే తమ్ముణ్ణి వెంట పంపారు. మహాలక్ష్మి పథకంలో ఆ పిల్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్టుకు డబ్బే లేదు, రక్షకుడికి అర టికెట్టు కొట్టారు. షాద్‌నగర్‌లో వాడికి వాంతులు, ఇమ్లీబన్‌లో వాడికి ఆకలి. ఇద్దరికీ కలిపి గది ఇచ్చే లేడీస్ హాస్టల్ లేక ఆ పిల్ల పొద్దు గూకేదాకా తిరిగింది. ఒంటరిగా పోదామనుకొని తన స్నేహితురాలి హాస్టల్లో రోజు కిరాయికి మంచం ముందే మాట్లాడుకుందట, అడ్రసు అమ్మకు పంపిందట, షీ టీమ్స్ నంబరు ఫోనులో పెట్టుకుందట. అవన్నీ ఉన్నా మగతోడు మగతోడే. తెల్లారి ఇంటర్వ్యూ గది బయట వాడు నిద్రపోతుంటే రిసెప్షన్‌లో అమ్మాయి కాపలా కాసింది.

ఆస్పత్రులకు పోయేవాళ్లతో నేను హాస్యమాడను. ఉస్మానియాలోనో నీలోఫర్‌లోనో మనిషిని చేర్చి, రాత్రుళ్లు గేటు బయట దుప్పటి పరుచుకునే మనవాళ్లను చూశాను. రోగి వెంట వచ్చినవాళ్ల కోసం కొన్ని పెద్దాస్పత్రుల దగ్గర రాత్రి షెల్టర్లున్నాయి. ఎక్కడని నర్సమ్మనో, గేటు దగ్గర మనిషినో ఒక్కమాట అడగండి. ఇది మంచి సలహా, ఇందులోకి ఎట్లా వచ్చిందో తెలియదు.

ఇంతకూ ఈ వ్యాసం రాస్తున్నది ఉప్పల్‌లో మా చిన్నాయన కొడుకు అపార్టుమెంటు మెట్ల మీద కూర్చొని. రాత్రి పదిన్నర అయింది. ఫోన్ చేయకుండానే వచ్చాను, పద్ధతి ప్రకారం. తలుపుకు తాళం. ఊళ్లోనే ఎక్కడికో పోయుంటారు, వస్తారని తొమ్మిదింటి నుంచి చూస్తున్నాను. ఇప్పుడే మా ఆవిడ గద్వాల నుంచి ఫోన్ చేసింది.

"యాడున్నవ్? మీ చిన్నాయన కొడుకు పెండ్లాం పిల్లలతోటి అలంపూరం జోగులాంబకు పొయ్యి మనింటికొచ్చిండు. ఆరుగురు. ముందు ఫోన్ గీన్ ఏం లే. జొన్నపిండి అయిపోయింది, వచ్చేటప్పుడు పట్టుకొస్తవా?"

సంచి విప్పి వాచ్‌మన్‌కు రెండు గుప్పిళ్ల బుడ్డలు పెట్టాను. ఆయనది అచ్చంపేట. లిఫ్టు పక్కన తన దగ్గర ఇంకో చాప ఉందన్నాడు.