చెంచాకు ఛార్జీ!

టోలిచౌకిలో హలీం కౌంటర్ దగ్గర నిలబడితే బోర్డు మీదున్న ధరే అడుగుతారు. చెంచాకింత, నిమ్మచెక్కకింత, ‘తిన్న సౌకర్యానికి’ ఇంత అని విడిగా లాగరు. అదే వీధి నుంచి గల్ఫ్‌కు టికెట్ కొనే కుటుంబం ఫోన్ తెరిస్తే మాత్రం మొదటి తెర మీద ఒక ధర, చివరి తెర మీద మరో ధర. నడుమ సీటు, బీమా, ఆపైన ‘కన్వీనియెన్స్ ఫీజు’. టైపు చేసేది మనం, పేరులో అక్షరం తప్పితే తిప్పలు పడేదీ మనం. సౌకర్యం కూడా మనదేనట! (సినిమా టికెట్ల సైట్లదీ ఇదే స్క్రీన్‌ప్లే, పక్కనున్న ఫిల్మ్‌నగర్‌కు తెలియంది కాదు.)

సామాను లేనివాడు సామానుకు ఎందుకు కట్టాలన్న విమాన సంస్థల వాదనలో న్యాయముంది. సీటు, బ్యాగు వద్దనుకోవచ్చు. కన్వీనియెన్స్ ఫీజును వద్దనే గడి ఏది? చెల్లింపు ఖర్చంటారా, 2020 జనవరి నుంచి యూపీఐకి వ్యాపారి బ్యాంకుకు కట్టాల్సిన రుసుము (ఎండీఆర్) సున్నా. పైగా నొక్కేది ఒక్కసారే అయినా చాలాచోట్ల ఫీజు తలకింత. నలుగురుంటే నాలుగు సౌకర్యాలు! కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో కొనేవాణ్ని ఏమార్చే 13 ఆన్‌లైన్ ఎత్తుగడలను (‘డార్క్ ప్యాటర్న్స్’) నిషేధించింది, ధరను చుక్కచుక్కగా బయటపెట్టడం, అడక్కుండా బుట్టలో వేయడం అందులోవే. తప్పించుకోలేని ఛార్జీలన్నీ కలిపిన ధరే చూపాలని ఐరోపా 2008లోనే నిబంధన పెట్టింది. అక్కడ విమానాలేమీ నేల మీద కూలబడలేదు. ఫీజు న్యాయమైనదే అయితే క్లైమాక్స్ దాకా విలన్‌ను దాచడం దేనికి?