డిఫ్‌లాకు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలము

తొక్కినంత పట్టు చక్కగా నుండిన
కాలు తీయ వీడు గడియలోనె
తొక్క పట్టకున్న, తొక్కి విడువకున్న
దోష మెచటొ వెదకు, తొందరేల!

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొల్చారం అంటారు. ఆ సీమలో ఇప్పుడు మళ్లకు దమ్ము చేసేది ట్రాక్టర్లే. కావ్యానికి దొరికిన వ్యాఖ్యాత ట్రాక్టరుకు దొరకలేదు. బండితోపాటు కంపెనీవారు ఇచ్చే పుస్తకం ఒకటుంది గానీ, దాన్ని టూల్ బాక్సులో పానాల అడుగున నిక్షేపించడం లోకాచారం. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

సందర్భం ఇది. 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు దమ్ము మడిలో దిగబడింది. కుడి చక్రం బురదలో గిరగిరా తిరుగుతోంది. ఎడమ చక్రం గట్టి నేల మీదే ఉండి కూడా ఉలకదు, పలకదు. డ్రైవరు మడమతో డిఫ్‌లాకు పెడల్ తొక్కాడు. బండి గట్టెక్కింది. కాలు తీశాడు. లాకు వదల్లేదు. స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతోంది. అప్పుడతను మెకానిక్కుకు ఫోన్ చేయగా, అవతలి నుంచి వచ్చిన సమాధానమే ఈ పద్యమని సంప్రదాయం.

ప్రతిపదార్థము

చక్కగా నుండిన = లోపలా బయటా అన్నీ సవ్యంగా ఉంటే; తొక్కినంత = మడమతో పెడల్ నొక్కగానే (పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నవాడి కాలితో కాదని భావం); పట్టు = లాకు పళ్లు కలుసుకొనును; కాలు తీయ = పాదమును ఎత్తగా; గడియలోనె = క్షణములోనే; వీడు = విడిపోవును; తొక్క పట్టకున్న = తొక్కినను లాకు పడకపోయినచో; తొక్కి విడువకున్న = ఒకసారి తొక్కిన పిమ్మట వదలకపోయినచో; దోషము ఎచటొ = లోపము ఎక్కడ ఉన్నదో; వెదకు = వెదకుము; తొందర ఏల = హౌసింగు విప్పుటకు అంత త్వర యెందుకు?

తాత్పర్యము

బాగున్న లాకు తొక్కితే పడుతుంది, కాలు తీస్తే వదులుతుంది. ఈ రెంటిలో ఏది జరగకపోయినా ముందు కారణం వెతకాలి, తర్వాతే పానా పట్టాలి.

విశేషములు

1. "పట్టు": ఏది దేన్ని పట్టును? మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. ఆ తేడాకు వీలిచ్చేది డిఫరెన్షియల్. 1820ల చివర ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు పొందాడు. దీని గుణమే దీని దోషం: రెండు చక్రాలకూ బలం సమానంగా పంచుతుంది. బురదలో జారే చక్రం తిరగడానికి ఎంత కొంచెం బలం చాలునో, గట్టి నేల మీది చక్రానికీ అంతే ముడుతుంది. ఈ సమన్యాయమే బండిని మడిలో కూలేసింది. పెడల్ తొక్కితే ఫోర్కు కదిలి ఒక స్లీవును నెడుతుంది. అది క్రౌన్ వీల్ కేజ్‌ను ఒక పక్క గేరుతో బిగించేస్తుంది. ఇక రెండు చక్రాలదీ ఒకటే నడక.

2. "తొక్కి విడువకున్న": ఇక్కడ పూర్వపక్షులు స్ప్రింగు విరిగింది, హౌసింగు విప్పాలి అంటారు. అది పొసగదు. చక్రాలు రెండూ చెరో పక్కకు లాగుతున్నప్పుడు లాకు పళ్లు ఒకదాన్నొకటి అదిమి పట్టుకుంటాయి. వాటిని విడదీయడానికి స్ప్రింగు బలం చాలదు. ఇది రోగం కాదు, భారం. ఎక్స్‌లేటరు తగ్గించి క్లచ్ తొక్కితే చాలాసార్లు వదిలేస్తుంది. వదలకపోతే, ఖాళీ జాగాలో రెండు బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం తీసి, నెమ్మదిగా పోతూ ఎడమ బ్రేకు, కుడి బ్రేకు మార్చి మార్చి తేలిగ్గా తాకించాలి. లేదా బండిని కొంచెం వెనక్కి నడపాలి. అడుగున ఎక్కడో "టక్" మంటుంది. లాకు వదిలిందన్నమాట.

3. "దోష మెచటొ": భారం తీశాక కూడా పెడల్ కిందే ఉండిపోతే అప్పుడు దోషం ఉన్నట్టు. అదీ ముందు బయటే ఉంటుంది. ఇంజను ఆపి, కిందికి వంగి చూడాలి. పెడల్ అడుగున ఎండి రాయైన బురద, షాఫ్టుకు చుట్టుకున్న వరి గడ్డి, కొక్కెం నుంచి ఊడి వేలాడే స్ప్రింగు, మోడు తగిలి వంగిన లింకు రాడ్డు, వీటిలో ఏదో ఒకటి కనబడుతుంది. షాఫ్టు తుప్పుతో బుష్‌లో బిగుసుకుని ఉంటే డీజిల్ పోసి నానబెట్టి, పెడల్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడించాలి. నిపిల్ ఉంటే గ్రీజు గన్ పెట్టాలి. ముందు తుప్పు నీళ్లు, ఆ వెనక నల్ల గ్రీజు, చివరికి కొత్త గ్రీజు బయటికి వస్తాయి. కొత్తది కనిపించేదాకా కొట్టడం విధి.

4. "తొక్క పట్టకున్న": పళ్లకు పళ్లు ఎదురుపడి నిలిచినా లాకు పడదు. చక్రం నిదానంగా కదులుతుండగా తొక్కితే సందు దొరికి పడుతుంది. చక్రం జోరుగా తిరుగుతుండగా తొక్కినవాడికి తర్వాత ఆయిల్ మార్చేటప్పుడు పళ్ల ముక్కలు దొరుకుతాయి. అరిగిన లింకు పిన్ను, పెడల్‌కు ఎక్కువైన ఫ్రీ ప్లే కూడా కారణాలే.

అనుమానం తీరాలంటే పరీక్ష ఒకటుంది. కీ తీసి, ముందు చక్రాలకు దిమ్మలు వేసి, వెనక చక్రాలు రెండూ లేపి గట్టి స్టాండ్ల మీద ఉంచాలి. ఫోర్ వీల్ డ్రైవూ హ్యాండ్ బ్రేకూ తీసి, బండిని గేరులో పెట్టాలి. ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. పెడల్ తొక్కిస్తూ అవే తిప్పండి. పళ్లు కలిశాక ఏ చక్రమూ తిరగకూడదు. బయట లింకు అంతా బాగుండి కూడా తిరుగుతూనే ఉంటే దోషం లోపలిది: వంగిన ఫోర్కో, గుండ్రంగా అరిగిన పళ్లో. హౌసింగు విప్పడానికి అధికారం ఇక్కడ వస్తుంది, అంతకు ముందు లేదు.

5. ఛందోలంకారములు: ఇది ఆటవెలది. "గడియ" అంటే సమయమూ, తలుపు గడియా కనుక శ్లేష. నాలుగో పాదంలో "దోష"మునకు "తొందర"తో యతి చెల్లింది. షెడ్డులో మాత్రం చెల్లదు. అక్కడ తొందరపడితే బిల్లు చెల్లించాలి.

6. పాఠాంతరము: కొన్ని ప్రతులలో "తొందరేల"కు బదులు "సుత్తి యేల" అని ఉంది. యతి భంగం కనుక పాఠం గ్రాహ్యం కాదు. భావం మాత్రం గ్రాహ్యమే.

ఫలశ్రుతి

ఈ పద్యం ఒంటబట్టినవాడు దిగబడ్డ చోట తిన్నగా బయటపడటానికే లాకు వాడతాడు. లాకు పడి ఉండగా మలుపు తిప్పడు, రోడ్డెక్కడు. లాకుతో ఉన్న బండి స్టీరింగు మాట వినదు. చిన్న ట్రాక్టరుకు చక్రాల మధ్య ఎడం తక్కువ, గట్టు అంచున ఇట్టే బోల్తా పడుతుంది. కాబట్టి పెడల్ పైకి లేచింది కదా అని నమ్మి బయల్దేరకండి. మడి దాటక ముందే నెమ్మదిగా స్టీరింగు అటూ ఇటూ తిప్పి, బండి తిరుగుతోందని చూసుకున్నాకే రోడ్డెక్కండి.